పిడికెడు నాణేలు
(హన్నా మరియా నోరిస్ జీవితం)

బొబ్బిలి అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది 1757 జనవరి 24న జరిగిన యుద్ధం. రంగారాయుని పౌరుషం, తాండ్ర పాపారాయుని సాహసం, కోటలోని స్త్రీల ఆత్మార్పణం తరతరాలుగా పల్లెపల్లెన కథాగానాలలో వినిపిస్తూ వచ్చాయి. ఆ కథలో అంతగా ప్రస్తావనకు రాని పాత్ర ఒకటి ఉంది. అది ఒక పసివానిది. కోట కూలి, కన్నవారు నేలకొరిగిన తరువాత రంగారాయుని చిన్నకుమారుడు ప్రాణాలతో బయటపడ్డాడు. పెద్దవారి సంరక్షణలో పెరిగాడు. కష్టనష్టాలెన్నో దాటి, తరువాతి కాలంలో తన పూర్వుల సంస్థానానికి అధిపతి అయ్యాడు.

అనాథ అయినా ఆ బాలునికి వంశం పేరు ఉంది, తిరిగి పొందవలసిన రాజ్యం ఉంది, అతనికోసం నిలిచిన మనుషులు ఉన్నారు. పేదింటిలో పుట్టి కరవుకో, కలరాకో తల్లిదండ్రులను పోగొట్టుకున్న బిడ్డకు ఇవేవీ ఉండవు. అటువంటి బిడ్డ ఆకలి తీరాలన్నా, అక్షరం నేర్వాలన్నా ఎవరో ఒకరు పూనుకోవాలి. పూనుకున్నవారి చేతిలో ధనం లేకపోతే, మరెవరినో అడగాలి. అలా అడగడాన్నే తన జీవితంలో మొదటి కార్యంగా చేసుకున్న స్త్రీ హన్నా మరియా నోరిస్. ఆమె కూడబెట్టించిన చిన్న నాణేల బలంతో సముద్రాలు దాటిన సేవ 1879 నాటికి బొబ్బిలి చేరింది.

మరియా నోరిస్ 1842లో కెనడా తూర్పు తీరంలోని నోవాస్కోషియాలో, కాన్సో అనే ఊరిలో జన్మించింది. కాన్సో జాలరుల ఊరు. అక్కడి కుటుంబాలకు సముద్రమే పొలం, చేపలే పంట. వేటకు వెళ్లిన పడవ తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. తుపాను వచ్చిన మరునాడు కొన్ని ఇళ్లలో స్త్రీలు విధవలుగా, పిల్లలు తండ్రిలేనివారుగా మిగిలేవారు. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాలలోని పల్లెలకూ కాన్సోకూ మధ్య వేల మైళ్ల దూరమున్నా, ఆ బ్రతుకులలోని అనిశ్చితి మాత్రం ఒక్కటే.

ఆ కాలంలో చదువుకున్న స్త్రీకి తెరచి ఉన్న వృత్తులు బహు స్వల్పం. మరియా ఉపాధ్యాయినిగా శిక్షణ పొంది, బోధన చేపట్టింది. నోవాస్కోషియాలో తరతరాలుగా నివసిస్తున్న మిక్మాక్ అనే ఆదివాసుల పట్ల ఆమెకు ఆసక్తి కలిగింది. వారికి మేలు చేయాలంటే ముందు వారి మాట నేర్చుకోవాలని తలచి, ఆ భాషను అభ్యసించింది. పరుల భాషను నేర్చుకోవడం పరులను గౌరవించడంలో మొదటి మెట్టు అని ఆమె అప్పుడే గ్రహించింది. ఈ అలవాటు తరువాతి జీవితంలో ఆమెకు ఎంతో ఉపకరించింది.

ఆమె మనసు కొంతకాలానికి బర్మాదేశం వైపు మళ్లింది. అక్కడి కరెన్ జాతి ప్రజల మధ్య పనిచేయాలని నిశ్చయించుకుని, 1870లో తన ప్రాంతపు బాప్టిస్టు సంఘాల విదేశ మిషను బోర్డును అనుమతి కోరింది. బోర్డు సభ్యులు ఆమె శక్తిని శంకించలేదు. అయితే ఆమెను పంపడానికి తమ వద్ద ధనం లేదన్నారు. ఓడ ప్రయాణానికి, అక్కడి జీవనానికి, బోధనకు అవసరమైన సొమ్ము ఏటా పంపవలసి ఉంటుంది. ఒక ఏడు పంపి మరుసటి ఏడు ఆపివేస్తే, పరదేశంలో ఉన్న స్త్రీ దిక్కులేనిదవుతుంది. బోర్డు వెనుకాడడానికి కారణం అదే.

మరియా నిరాశపడి ఊరుకోలేదు. అమెరికాలోని బాప్టిస్టు సంఘాల సహాయం కోరడానికి బోస్టన్ నగరానికి బయలుదేరింది. హాలిఫాక్స్ రేవులో ఆమె ఓడ ఎక్కిన తరువాత ఒక హితుడు వచ్చి కలుసుకున్నాడు. పరదేశం వారిని అడగడానికి ముందు సొంత ప్రాంతపు స్త్రీలను ఒకసారి అడిగి చూడమని సలహా ఇచ్చాడు. మరియా ఆ మాటలోని సారాన్ని గ్రహించి ఓడ దిగింది. ఆమె జీవితాన్నే కాక, మరెందరి జీవితాలనో మలుపు తిప్పిన నిర్ణయమది.

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. కానీ అడగడం అంత సులభం కాదు. ఆనాటి నోవాస్కోషియాలో స్త్రీలు సభలలో లేచి మాట్లాడడమే అరుదు. కుటుంబంలోని సొమ్ము మగవారి అధీనంలో ఉండేది. చాలా ఇళ్లలో ఆదాయం అంతంతమాత్రమే. ధనవంతుల తలుపు తట్టి పెద్ద విరాళం అడగడం ఒక పద్ధతి. దానితో ఆ ఏటి అవసరం తీరవచ్చు. మళ్లీ ఏటికి మళ్లీ ఆ తలుపే తట్టాలి. మరియా ఆ దారి ఎంచుకోలేదు. ప్రతి ఊరిలోనూ స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడాలని, ఒక్కొక్కరు తమ ఇంటి ఖర్చులో మిగిల్చిన కొద్దిపాటి చిల్లరను క్రమం తప్పక ఆ సంఘానికి ఇవ్వాలని కోరింది.

ఈ ఆలోచనకు అప్పటికే ఒక ఆదర్శం ఉంది. 1869లో బోస్టన్‌లో మెథడిస్టు స్త్రీలు ఒక సంఘం స్థాపించి, సభ్యురాలు వారానికి రెండు సెంట్లు ఇస్తే చాలని నియమం పెట్టుకున్నారు. వారానికి రెండు సెంట్లంటే ఏడాదికి ఒక డాలరుకు కాస్త ఎక్కువ. అటువంటి స్వల్ప మొత్తాలతోనే వారు ఇసబెల్లా తోబర్న్ అనే ఉపాధ్యాయినిని, క్లారా స్వేన్ అనే వైద్యురాలిని భారతదేశానికి పంపగలిగారు. లక్నోలో స్త్రీవిద్యకూ, బరేలీలో స్త్రీలవైద్యానికీ వారు వేసిన పునాదులు చిరకాలం నిలిచాయి.

తెలుగు ఇళ్లలోనూ ఇటువంటి ఆచారం లేకపోలేదు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి, ధర్మకార్యానికి దాచే ఇల్లాళ్లు ఎందరో ఉండేవారు. ఆ పిడికెడు వల్ల ఇంటిల్లిపాదికీ కొరత రాదు; అలాంటి పిడికిళ్లు నూరు కలిస్తే ఒక బిడ్డ నెలంతా తింటాడు. మరియా కోరిన చిల్లర కూడా అలాంటిదే.

1870 జూన్‌లో ఆమె స్వగ్రామమైన కాన్సోలో మొదటి సంఘం ఏర్పడింది. అక్కడినుంచి ఆమె ఊరూరా తిరిగింది. బండ్లమీద, పడవలమీద ప్రయాణించి, ప్రార్థనాలయాలలోనూ ఇళ్లలోనూ స్త్రీలను సమావేశపరచింది. తాను ఎక్కడికి వెళ్లదలచిందో, ఎందుకు వెళ్లదలచిందో వివరించింది. వేసవి ముగిసేలోగా ముప్పైకి పైగా సంఘాలు వెలిశాయి. మూడు నెలల ముందు డబ్బు లేదన్న బోర్డు ముందు, ఇప్పుడు ఏటేటా సొమ్ము పంపుతామన్న వందలాది స్త్రీల మాట ఉంది. అదే సంవత్సరం ఆమె బర్మాకు ప్రయాణమైంది.

ఈ సంఘాల వల్ల కలిగిన మేలు డబ్బుకు మాత్రమే పరిమితం కాలేదు. అంతవరకు ఇంటి గడప దాటి ప్రజాకార్యాలలో పాల్గొనని స్త్రీలు సభ నడపడం, లెక్కలు రాయడం, నిర్ణయాలు చేయడం నేర్చుకున్నారు. ఎక్కడో ఆసియాఖండంలోని ఊళ్ల పేర్లు, అక్కడి ప్రజల కష్టసుఖాలు వారి సంభాషణలలోకి వచ్చాయి. ఇతరులకు చేయూతనివ్వబోయి, ఆ స్త్రీలు తమ శక్తిని తామే తెలుసుకున్నారు.

బర్మాలో మరియా కరెన్ భాష నేర్చుకుని, వారి మధ్య బోధన సాగించింది. 1873లో కెనడా తూర్పు ప్రాంతపు సంఘాలు మరో ఏడుగురిని పంపాయి. వారిలో రూఫస్ సాన్‌ఫర్డ్ దంపతులు, జార్జి చర్చిల్ దంపతులు, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నారు. మరుసటి ఏడు మరియాకు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌తో వివాహమైంది. నేటి థాయిలాండ్ అయిన సయాం దేశంలోని కరెన్లకు సేవ చేయాలన్నది వారందరి సంకల్పం. అయితే అడవులు, కొండలు గాలించి చూసిన తరువాత, అక్కడ కరెన్ల సంఖ్య తాము ఊహించినదానికన్నా చాలా తక్కువని, వారు దూరదూరంగా చెదరి ఉన్నారని తేలింది.

ఇది కఠినమైన పరీక్ష. సొమ్ము ఇచ్చినవారు సయాం పేరు చెప్పగా ఇచ్చారు. కూడబెట్టిన ప్రతి నాణెం వెనుక ఒక ఇల్లాలి త్యాగముంది. పని లేని చోట పట్టుదలకోసం కూర్చుంటే ఆ త్యాగం వ్యర్థమవుతుంది. మరోచోటికి మారాలంటే పంపినవారికి ఉన్న విషయం ఉన్నట్లు చెప్పాలి. వారు దాపరికం లేకుండా పరిస్థితిని స్వదేశానికి తెలియజేశారు. పరుల ధనంతో పనిచేసేవారు అనుకున్నది జరగనప్పుడు ఎలా ప్రవర్తించాలో ఈ ఘట్టం చెబుతుంది.

ఆ సమయంలో తెలుగుదేశం నుంచి పిలుపు వచ్చింది. అంతకుముందే కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు తంతితపాలా శాఖలోని ఉద్యోగం విడిచి, సొంతంగా మిషను పని ప్రారంభించాడు. ఖర్చులకోసం వ్యాపారం చేసి అప్పులపాలయ్యాడు. చివరకు కెనడా సంఘాలను ఆదుకోమని కోరాడు. ఒంగోలు ప్రాంతంలో పనిచేస్తున్న జాన్ మెక్‌లారిన్ అనే కెనడా దేశస్థుడు 1874లో కాకినాడ వచ్చి ఆ బాధ్యత స్వీకరించాడు. గాబ్రియేల్ 1875 ఆరంభంలోనే మరణించాడు. తాను నాటిన విత్తనం మొక్కై ఎదగడాన్ని అతడు చూడలేకపోయాడు. ఆ సంవత్సరమే సయాం బృందం తెలుగునేలకు తరలివచ్చింది.

కాకినాడకు ఉత్తరంగా ఉన్న కళింగాంధ్ర ప్రాంతం వారి కార్యక్షేత్రమైంది. భీమునిపట్నంలో మొదటి కేంద్రం వెలసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళం చేరారు. ఆంగ్లేయులు ఆ ఊరిని చికాకోల్ అనేవారు. చర్చిల్ దంపతులు 1879లో బొబ్బిలిలో స్థిరపడ్డారు. ఈ మూడు ఊళ్లలోనూ పనిచేసినవారు అంతకుముందు మరొక భాషకు, మరొక దేశానికి సిద్ధపడినవారే. అందరూ మళ్లీ అక్షరాలనుంచి మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నారు.

వారు వచ్చిన కాలం చాలా గడ్డుది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామంలో లక్షలాది జనం మరణించారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు దారులవెంట తిరిగారు. దక్షిణ భారతంలోని అనేక మిషను కేంద్రాలు ఆ రోజులలో అనాథలకు ఆశ్రయం కల్పించాయి. ఆకలితో ఉన్న బిడ్డకు ఒక పూట గంజి పోయడం దయ. ఆ బిడ్డ పెద్దయ్యేవరకు తిండి, బట్ట, చదువు చూడడం బాధ్యత. దయకు ఒకనాటి విరాళం చాలు. బాధ్యతకు పదేళ్లపాటు ఆగకుండా వచ్చే సొమ్ము కావాలి. మరియా నెలకొల్పిన పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది. చిన్న మొత్తమే అయినా ఏటేటా అందుతుందన్న భరోసా ఉంటేనే ఒక బడిని తెరవవచ్చు, ఒక బిడ్డను చేరదీయవచ్చు.

బొబ్బిలిలో ఆ భరోసాను ఆధారం చేసుకుని పనిచేసిన స్త్రీ మటిల్డా చర్చిల్. ఆమె కూడా నోవాస్కోషియాకు చెందిన ఉపాధ్యాయిని. బొబ్బిలికి ఆనాడు రైలు లేదు. భీమునిపట్నం రేవులో దిగి ఎడ్లబండిలో రాత్రిళ్లు ప్రయాణించి రావలసిందే. ఎండాకాలపు వేడి, వానాకాలపు జ్వరాలు ఎవరినీ విడిచిపెట్టేవి కావు. ఆమె అక్కడ బాలికలకు చదువు చెప్పడం ప్రారంభించింది. ఆడపిల్లకు చదువెందుకని ప్రశ్నించే కాలమది. చిన్నవయసులోనే పెళ్లి చేసి అత్తవారింటికి పంపేవారు. బడికి వచ్చిన పిల్ల నాలుగు అక్షరాలు నేర్వకముందే మానివేసేది. కులం కట్టుబాట్లవల్ల ఒకే పలకల వరుసలో అందరినీ కూర్చోబెట్టడం కష్టమయ్యేది. అన్యమతస్థుల బడికి పంపితే పిల్ల మతం మారుతుందేమోనని తల్లిదండ్రులు జంకేవారు. ఆ జంకుకు కారణం లేకపోలేదు. మతప్రచారమే తమ ప్రధాన ఉద్దేశమని మిషనరీలు ఎన్నడూ దాచలేదు. అయినా అక్షరం రుచి తెలిసిన తల్లులు, తమకు దక్కనిది తమ కూతుళ్లకైనా దక్కాలని మెల్లమెల్లగా ముందుకు వచ్చారు.

మటిల్డా బొబ్బిలినుంచి స్వదేశానికి తరచుగా ఉత్తరాలు రాసేది. బొబ్బిలి వీధులు, పండుగలు, వానలు, రోగాలు, బడిపిల్లల ముచ్చట్లు ఆ ఉత్తరాలలో చోటుచేసుకున్నాయి. ఓడల మీద వారాల తరబడి ప్రయాణించి అవి కెనడా పల్లెల సంఘాలకు చేరేవి. అక్కడి స్త్రీలు కూడి వాటిని చదువుకునేవారు. తాము ఇచ్చిన నాణెం ఎక్కడికి పోయిందో, ఏ పనికి ఉపయోగపడిందో వారికి ఆ ఉత్తరాలవల్ల తెలిసేది. కాబట్టి అవి కుశలప్రశ్నల జాబులు మాత్రమే కావు. ఒక విధంగా లెక్క అప్పజెప్పడం కూడా. జార్జి చర్చిల్ 1908లో మరణించిన తరువాత కూడా మటిల్డా తన సేవను విడిచిపెట్టలేదు. ఆమె ఉత్తరాల సంపుటి 1916లో పుస్తకంగా వెలువడింది. 1924లో ఆమె కన్నుమూసింది.

శ్రీకాకుళంలో మరియా ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా బోధననే ప్రధానంగా ఎంచుకుంది. కెనడాలో తాను నాటిన సంఘాలకు ఆమె దూరంగా ఉన్నా, వాటికి పనిని చూపినది ఆమెవంటివారే. 1884లో ఆ సంఘాలన్నీ కలిసి ఒకే స్త్రీల మిషనరీ సమాఖ్యగా రూపొందాయి. ఒక వేసవిలో ఒంటరిగా తిరిగిన స్త్రీ ప్రారంభించిన పని, ఆమె లేకపోయినా తనంతట తాను నడిచే స్థితికి చేరింది. ఒక కార్యం నిలకడకు ఇంతకన్నా గీటురాయి లేదు.

1880లలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తిరిగి బర్మా చేరారు. ఈసారి ఆమె పనిచేసినది ప్రధానంగా కరెన్ల మధ్య కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలనుంచి వేలాది తెలుగువారు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి రంగూను చేరుతున్న కాలమది. రేవులలో బరువులు మోయడం, బియ్యపు మిల్లులలో పనిచేయడం వారి వృత్తి. కోరంగి రేవు పేరు మీదుగా బర్మీయులు వారిని కోరంగీలని పిలిచేవారు. సొంత ఊరు విడిచిన ఆ కూలీలకు, వారి పిల్లలకు తెలుగు తెలిసిన ఉపాధ్యాయిని అవసరం ఎంతో ఉండేది. శ్రీకాకుళంలో నేర్చిన తెలుగు రంగూనులో ఆమెకు అక్కరకు వచ్చింది. అక్కడి తెలుగువారి, తమిళుల మధ్య ఆమె చిరకాలం పనిచేసి, 1919లో మరణించింది.

మరియా నోరిస్ జీవితంలో అద్భుతాలు లేవు. ఆమె గొప్ప ధనవంతురాలు కాదు. ధనవంతుల అండ కూడా ఆమెకు లేదు. తనకోసం కాక పరులకోసం అడిగేటప్పుడు సిగ్గుపడనవసరం లేదని ఆమె తెలుసుకుంది. అడిగేముందు తానే వెళ్లడానికి సిద్ధపడింది. ఇచ్చేవారి స్తోమతకు మించి కోరలేదు. అనుకున్న దారి మూసుకుపోయినప్పుడు ఆ మాట దాచలేదు. ఒక్కరి ఔదార్యం మీద కాక, అనేకుల క్రమశిక్షణ మీద ఆధారపడింది.

ఆమె కాలం గడిచిపోయింది. బొబ్బిలికి రైలు వచ్చింది, బడులు పెరిగాయి, ఆడపిల్లలు కళాశాలలకు వెళుతున్నారు. అయినా తుపాను వెలసిన మరునాడు, రోగం తగ్గిన మరునాడు దిక్కులేని పిల్లలు నేటికీ కనిపిస్తూనే ఉన్నారు. వారికోసం చందా పుస్తకం పట్టుకుని ఎవరైనా గుమ్మంలో నిలిచినప్పుడు, ఇచ్చేవారు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సొమ్ము మళ్లీ ఏడు కూడా ఆ బిడ్డకు అందుతుందా? తీసుకునేవారు చెప్పవలసిన సమాధానం కూడా ఒకటే ఉంది. ఆ సమాధానం ఎలా చెప్పాలో కాన్సో జాలరిపల్లె స్త్రీలు 1870లోనే ఆచరణలో చూపారు.